ఇందులో మీ నాన్న ఏడిరా?

ముందుగా ఒక నేరం ఒప్పుకుంటాను. 'గుండెలు పిండేసే సన్నివేశం' అన్న మాట ఇప్పటికి ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క తెలియదు. 'కంటతడి పెట్టించే పతాక సన్నివేశం', 'హృదయాలను ద్రవింపజేసే నటన', 'కన్నీటి వరద'... ఇవన్నీ నా సంచీలో ఎప్పుడూ సిద్ధంగా వుండే సరుకు. బి.ఏ. పాసై, ఏ పత్రికలోనూ నెలజీతం లేకుండా, రాసినదానికి రాసినంత పుచ్చుకునే విలేకరిని నేను. సినిమా చూసి బయటికొచ్చి, టీ చల్లారేలోగా నాలుగు పేజీలు రాసి పంపాలంటే ఇలాంటి మాటలు లేకపోతే బండి నడవదు మరి!

ఆ మాటలన్నీ ఒకరోజు నా చేతిలో చెల్లని నాణేలైపోయాయి. ఆ సంగతి చెబుదామనే ఇది. మధ్యలో ఒక కవిగారు వస్తారు. వెంట కాస్త అలంకారశాస్త్రం కూడా వస్తుంది. కంగారు పడకండి, చివర పరీక్ష పెట్టను.

మాది తిరువూరు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా జగదల్పూరు వెళ్ళే రోడ్డు మీద సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్లు వస్తే మా వూరు. ఇంకాస్త ముందుకు పోతే ఖమ్మం జిల్లా. 2014 నుంచీ అది వేరే రాష్ట్రం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కృష్ణా జిల్లాలో వున్న మేము ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. రామారావుగారి పేరున్న జిల్లాలో వుంటూ సినిమాల గురించి రాయకపోతే ఏం బాగుంటుంది చెప్పండి!

అసలు నాకు సినిమా పిచ్చి అంటడానికి కారణం మా నాన్న. ఆయన మా వూళ్ళో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. ఈ మాట ఇప్పటి కుర్రకారుకు కొత్తగా వుండవచ్చు. ఆ రోజుల్లో సినిమా అంటే రీళ్ళు. విజయవాడ గాంధీనగరం నుంచి రేకు పెట్టెల్లో బస్సెక్కి వచ్చేవి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ప్రొజెక్టర్లు రెండు పక్కపక్కన వుంటాయి. ఒకదానిలో రీలు అయిపోవస్తున్నప్పుడు తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. వెంటనే రెండో యంత్రం మోటారు వెయ్యాలి. మళ్ళీ చుక్క పడగానే ఇది మూసి అది తెరవాలి. ఆ చుక్కల్ని ప్రేక్షకుల్లో నూటికి తొంభైమంది చూసి వుండరు. వాళ్ళు గమనించకుండా కథ నడిచిపోవడమే ఆపరేటరు గొప్పతనం.

ఇక వెలుగు సంగతి. రాగిపూత పూసిన రెండు కార్బను కడ్డీలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో మంట పుట్టిస్తారు. కడ్డీలు కాలి తరిగిపోతుంటే కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ వుండాలి. ఏమరుపాటున వదిలేస్తే తెర మసకబారుతుంది, కింద నేల క్లాసులో ఈలలు మొదలవుతాయి. 1990లలో నేను బడి ఎగ్గొట్టి ఆ గదిలోనే కూచునేవాణ్ణి. వేడి, పొగ, యంత్రం టకటకలు. నాన్న మాత్రం తెర వంక పెద్దగా చూసేవాడు కాదు. గోడకున్న చిన్న కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడేవాడు. సినిమాని వినేవాడన్న మాట.

తర్వాత డిజిటల్ వచ్చింది, కార్బన్లు పోయాయి. 2019 వేసవిలో, మామిడికాయల లారీలు రోడ్డంతా నిండి వుండే రోజుల్లో, నాన్న కూడా పోయాడు.

పెద్దకర్మకు కార్డులు వేయించాలన్నారు. "వెనక నాలుగు మాటలు నువ్వే రాయాలిరా. లోకంలో అందరి గురించీ రాస్తావు గదా!" అన్నాడు మావయ్య. ఆ రాత్రి కూచుని రాశాను. మన సంచీలో సరుకు తక్కువా? మమతల కోవెల కూలిపోయింది. కన్నీటి సంద్రం పొంగింది. ఇంటి దీపం ఆరిపోయింది. గుండె మూగబోయింది. తెల్లవారి అందరి ముందూ చదివి వినిపించాను. మావయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని, "అచ్చం సినిమా డైలాగులా వుందిరా!" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం.

అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. కాసేపు ఊరుకుని, "అంతా బాగానే వుంది నాన్నా. ఇందులో మీ నాన్న ఏడిరా?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. రాత్రంతా మేలుకుని రాస్తే ఈ మాటా అనిపించింది. కాగితం తీసుకుని వరండాలోకి పోయి మళ్ళీ చూసుకున్నాను. పైన పేరు మార్చేస్తే అది ఎవరి నాన్నకైనా సరిపోతుంది. పక్కవీధి కిరాణాకొట్టు ఆయనకీ సరిపోతుంది, ఫలానా సినిమాలో చనిపోయే తండ్రి పాత్రకీ సరిపోతుంది. మా నాన్న మాత్రం అందులో లేడు. కానీ ప్రెస్సువాడు తొందరపెడుతున్నాడు. కార్డు అలాగే అచ్చయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు కలం సాగలేదు. 'కన్నీటి' అని మొదలుపెట్టగానే అమ్మ గొంతు వినిపించేది.

ఒక సాయంత్రం మా తెలుగు మాస్టారి ఇంటికి వెళ్ళాను. హైస్కూల్లో మాకు చెప్పిన మనిషి, రిటైరై పుస్తకాల మధ్య కాలక్షేపం చేస్తున్నారు. కార్డు చూపించి, అమ్మ అన్నమాట చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ అమ్మగారు అడిగింది చిన్న ప్రశ్న కాదయ్యా. మన ఆలంకారికులు వెయ్యేళ్ళ కిందట వేసుకున్న ప్రశ్నే" అన్నారు.

"అదెలా మాస్టారూ?"

"భరతుడు నాట్యశాస్త్రంలో ఏం చెప్పాడు? విభావం, అనుభావం, వ్యభిచారి భావం కలిస్తే రసం పుడుతుందన్నాడు. నీ సినిమా భాషలోనే చెబుతాను విను. విభావమంటే కారణం, అంటే ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నది. అనుభావమంటే ఒంటి మీద కనబడేది. వణికే చెయ్యి, తడబడే నడక. వ్యభిచారి భావాలంటే మధ్యలో వచ్చిపోయేవి. దిగులు, సిగ్గు, శంక లాంటివి. ఈ మూడింటిలో 'నాకు దుఃఖంగా వుంది' అని చెప్పడం ఎక్కడైనా వుందా?"

"లేదండీ."

"లేదు గదా! పైపెచ్చు ఆ పేరు చెప్పి ఊరుకోవడం తప్పన్నారు. స్వశబ్దవాచ్యత అంటారు దాన్ని. శోకాన్ని శోకమనీ, శృంగారాన్ని శృంగారమనీ పేరు పెట్టి పిలిస్తే అది రాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని రసదోషాల్లో వేశాడు. నీ కార్డులో ఆ దోషం తప్ప ఇంకేమీ లేదు!" అని నవ్వారు. నవ్వి, లోపలికి వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చి చేతిలో పెట్టారు. 'కవిత్వంలో నిశ్శబ్దం', 'కరుణ ముఖ్యం'. రాసినాయన పేరు ఇస్మాయిల్.

సినిమా పత్రికలో ఈ పేరు మీకు అంతగా తగిలి వుండదు. ఇస్మాయిల్ 1928లో పుట్టారు, నెల్లూరువారు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో తత్వశాస్త్రం చెప్పారు. ఆయన మొదటి కవితా సంపుటి 'చెట్టు నా ఆదర్శం' 1972లో వచ్చింది. ఆ పేరుతోనే ఆయన్ని చెట్టు కవి అన్నారు. 2003లో కాకినాడలో కన్నుమూశారు. కవిత్వం ఎంత రాశారో, కవిత్వం ఎలా వుండాలన్న దాని మీద అంత పట్టుదలగా వ్యాసాలూ రాశారు.

ఆ పుస్తకం వచ్చిన కాలం ఎలాంటిదో ఒకసారి చూడండి. అంతకు ముందు కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం' 1925లో వచ్చాక తెలుగు దేశంలో ఏడవడం ఒక ఫ్యాషనైంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో అచ్చయ్యాక గర్జించడం ఫ్యాషనైంది. అందులో ఆ మహానుభావులిద్దరి తప్పూ లేదు. ఏడవడానికి కారణం లేనివాళ్ళూ, గర్జించడానికి గొంతు లేనివాళ్ళూ వాళ్ళ వెనక బయలుదేరడంతోనే వచ్చింది చిక్కు. 1965లో దిగంబర కవులు వచ్చారు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. కవిత్వమంటే వేదిక, మైకు, పిడికిలి. అంత సందడి మధ్యలో ఈయన చెట్టు నా ఆదర్శమన్నారు. సమాజం పట్టని కవి అన్న నిందా పడ్డారు.

ఆయన చెప్పిందేమిటో నాకు తెలిసిన భాషలో చెబుతాను. కవి తన అభిప్రాయాన్ని పాఠకుడికి అప్పగించకూడదు, అనుభవాన్ని అందించాలి. 'నేను బాధపడుతున్నాను, నువ్వూ బాధపడు' అని ఆజ్ఞ వేస్తే పాఠకుడు వినడు. ఒక బొమ్మ చూపించి కవి పక్కకు తప్పుకోవాలి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వుండాలి. ఆ ఖాళీలోకి పాఠకుడు తన బతుకు తెచ్చుకుని కూచుంటాడు. నిశ్శబ్దమంటే ఇదే. కవి అన్నీ తానే మాట్లాడేస్తే ఆ కుర్చీ వుండదు.

ఇంగ్లీషు కవి ఎలియట్ కూడా 1919లో 'హామ్లెట్' నాటకం మీద రాస్తూ దగ్గర దగ్గర ఇదే అన్నాడని మాస్టారు చెప్పారు. ఉద్వేగాన్ని కళలో చెప్పాలంటే దానికి తగిన వస్తువులో, పరిస్థితో, సంఘటనల వరసో వెతకాలట. అవి ఎదురుపడితే ఉద్వేగం దానంతట అదే లేస్తుందట. మమ్మటుడికీ ఎలియట్‌కీ మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు, బోలెడు సముద్రం. మాట మాత్రం ఒకటే!

ఇదంతా చదివాక నాకు గుర్తొచ్చింది మన సినిమాయే. విశ్వనాథ్‌గారి 'సాగర సంగమం' (1983) మీరంతా చూసే వుంటారు. జోరున వాన. తాగి, ఒళ్ళు మరిచి ఆడుతున్న బాలు. ఎదురుగా మాధవి, నుదుట బొట్టుతో. ఆమె భర్త పోయిన సంగతి మనకు తెలుసు, అతనికి తెలియదు. వానకు ఆ బొట్టు కరిగిపోతుందని అతను తన అరచెయ్యి ఆమె నుదుటికి అడ్డం పెడతాడు. అంతే! 'నిన్నింకా ప్రేమిస్తున్నాను' అని కమల్‌హాసన్ చేత ఒక పేజీ మాటలు చెప్పించి వుంటే ఎలా వుండేదో ఊహించండి. ఆ అరచేతి కింద ఎంత ప్రేమ వుందో, ఎంత అబద్ధం వుందో, ఎంత గౌరవం వుందో మనమే లెక్క కట్టుకుంటాం. ఇస్మాయిల్‌గారు చెప్పిన కుర్చీ అక్కడ వేసి వుంది. నలభై ఏళ్ళుగా జనం వచ్చి కూచుంటూనే వున్నారు.

అయితే ఒక విషయంలో నేను కవిగారితో మనసులో పేచీ పెట్టుకున్నాను. నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటారు సరే. మరి మా మేనత్త సంగతేమిటి?

నాన్న పోయిన రోజున గంపలగూడెం వైపు నుంచి మా మేనత్త వచ్చింది. వీధి మొదట్లోనే ఆటో దిగి శోకం అందుకుంది. నాలుగు వీధులకు వినిపించింది. "నా తమ్ముడో! రెండో ఆట అయ్యేదాకా అన్నం ముట్టవు గదయ్యా, ఇంక ఆ కేరేజీ ఎవరికి కట్టిస్తారయ్యా! చేతులు కాల్చుకుంటివి, ఒక్కనాడు అబ్బా అనకపోతివి గదయ్యా!" అంటూ ఒక్కొక్కటీ పేరు పేరునా తలుచుకుంది. నా కార్డు విని మావయ్య ఒక్కడూ కళ్ళు తుడుచుకున్నాడు. అత్తయ్య శోకానికి రోడ్డున పోయేవాళ్ళు ఆగారు. అందులో నిశ్శబ్దం ఎక్కడుంది?

చాలా రోజులు ఆలోచిస్తే తేలింది. అత్తయ్య గొంతు పెద్దదే. కానీ 'నాకు కన్నీటి సంద్రం పొంగుతోంది' అని ఆమె అనలేదు. కేరేజీ అంది. కాలిన చేతులంది. అన్నీ నాన్న వస్తువులే. వినేవాళ్ళు ఆ కేరేజీ మూత తీసి చూసుకున్నారు. శ్రీశ్రీగారి మాటే తీసుకోండి. 'అల్లూరి సీతారామరాజు' (1974) పాటకు ఆయనకు జాతీయ బహుమతి వచ్చింది. జనాన్ని లేపవలసిన చోట గుసగుసలాడితే కుదరదు గదా! కాబట్టి గొంతు పెద్దదా చిన్నదా అన్నది నా లెక్కలో రెండో సంగతి. ఎవరి కోసం ఆ గొంతెత్తారో ఆ మనిషి అందులో వున్నాడా అన్నది మొదటిది. ఇస్మాయిల్‌గారి నిశ్శబ్దాన్ని నేను ఇలా సర్దుకున్నాను. మాస్టారితో అంటే, "కవిగారు వుంటే వాదించేవారు" అని తల పంకించారు.

రెండో పుస్తకం పేరు దగ్గర మాత్రం వాదించలేకపోయాను. 'కరుణ ముఖ్యం'. కవిత్వం మనిషిలో కరుణను మేలుకొల్పాలనీ, సమాజానికి కవి చేసే మేలు అదేననీ ఆయన పట్టు. కరుణ ఎప్పుడూ ఎదుటివాడి వైపు చూస్తుంది. నా కార్డు తీసి మళ్ళీ చదివాను. ఎవరి గుండె మూగబోయింది? నాది. ఎవరి ఇంట దీపం ఆరింది? నా ఇంట. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నేనే వున్నాను. నా మీద నేనే జాలిపడి, దానికి నాన్న పేరు పెట్టాను! అమ్మ అడిగింది సరిగ్గా అదే.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ చిన్న కిటికీ. ఎనిమిదో తొమ్మిదో ఏట ఒకసారి అడిగాను. "నాన్నా, సినిమా ఆడుతుందో లేదో నీకెలా తెలుస్తుంది?" అని. "వింటే తెలుస్తుందిరా" అన్నాడు. "ఏడుపులు వినబడితే హిట్టా?" అన్నాను. నాన్న కార్బను జరుపుతూనే, "ఏడుపుదేముందిరా, ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఏడుస్తారు. దగ్గు వినబడుతుందేమో చూసుకో. హాలంతా దగ్గడం మానేసిందంటే ఆ సీను పట్టేసినట్టే" అన్నాడు. నాన్నకు ఇస్మాయిల్‌గారెవరో తెలియదు. కాకినాడలో తత్వశాస్త్రం చెప్పిన ఆయనకూ, తిరువూరులో కార్బన్లు జరిపిన ఈయనకూ ఒకే సంగతి తెలుసు. నేను మాత్రం ఆ గదిలోనే పెరిగి, ఆ మాట విని కూడా, సంచీ నిండా సరుకు మోసుకు తిరిగాను.

యువ మిత్రులారా, మీలో చాలామంది కథలూ పాటలూ రాస్తున్నారని నాకు తెలుసు. ఫోన్లో రెండు నిమిషాల చిత్రాలు తీస్తున్నవాళ్ళూ వున్నారు. నేను గొప్ప సలహా ఇచ్చేవాణ్ణి కాను. ఒక్కటి చేసి చూడండి. రాసిన దాంట్లో పేరు మార్చి చదవండి. అది ఇంకెవరికైనా సరిపోతోందంటే, మీ మనిషి ఇంకా అందులోకి రాలేదన్న మాటే.

నాన్న సంవత్సరీకానికి మళ్ళీ రాశాను. ఈసారి ఆరు వాక్యాలు. రెండో ఆట అయ్యాక చల్లారిన కేరేజీ. చొక్కా జేబులో ఫిల్ము ముక్క. పండగ రోజు కూడా వదలని కార్బను పొగ వాసన. కిటికీ దగ్గర పెట్టిన చెవి. కాలి నల్లబడి మళ్ళీ మామూలు కాని ఎడమచేతి బొటనవేలి గోరు. డిజిటల్ వచ్చిన రోజు ఇంటికొచ్చి, కడుక్కోవడానికి ఏమీ లేకపోయినా అలవాటుగా సబ్బుతో చేతులు కడుక్కోవడం. 'కన్నీరు' అన్న మాట ఒక్కచోటా రాయలేదు. రాయకుండా వుండడానికి ఎంత అవస్థ పడ్డానో దేవుడికెరుక!

అమ్మ వంటింటి గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చదివాను. అయిదో వాక్యం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చివరిదాకా విని, కొంగుతో ముక్కు తుడుచుకుని, నా వంక కోపంగా చూసింది.

"ఎడమచెయ్యి అంటావేంరా? కుడిచెయ్యి. ఎడమచేత్తో కార్బను ఎవడైనా మారుస్తాడా?"

దిద్దుకున్నాను.